తేడాకూ పనిచెప్పే కీలు

ఇద్దరికి కలిపి ఒక పని అప్పగించాల్సి వస్తే మనకు ముందుగా తట్టే ఉపాయం పంచెయ్యడం. ఇది నీది, అది నాది. మధ్యలో గట్టు వేసేస్తే గొడవ ఉండదు. పొలాలూ ఆఫీసులూ ఇళ్లూ అలాగే నడుస్తున్నాయి. యంత్రాలు కూడా చాలావరకు అంతే. ఒక రోబో చేతిని విప్పి చూడండి: భుజానికో మోటారు, మోచేతికో మోటారు, మణికట్టు వంగడానికి ఒకటి, మెలి తిరగడానికి ఇంకొకటి. దేని కదలిక దానిదే. ఒకదాని పనిలో ఇంకొకటి వేలు పెట్టదు.

ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. అయితే దీనికి పూర్తిగా భిన్నమైన పొందిక ఒకటుంది. అందులో మోటార్లు రెండు, కదలికలూ రెండే. కానీ ఏ కదలికా ఏ ఒక్క మోటారుకూ సొంతం కాదు. రెండూ ఒకే వైపు తిరిగితే ఒక కదలిక పుడుతుంది, ఎదురెదురుగా తిరిగితే మరో కదలిక పుడుతుంది. దాన్ని డిఫరెన్షియల్ కీలు అంటారు. రోబోలు చేయడం పిల్లలకు నేర్పే ఉద్యోగం నాది కాబట్టి దాన్ని విప్పడం, బిగించడం నాకు అలవాటైన పనే. అయినా ప్రతిసారీ అది చేతిలో ఉండగా ఒక పెద్ద ప్రశ్న మనసులో మెదులుతుంది: ఒకేలా కదలని ఇద్దర్ని ఒకచోట కలిపి ఉంచాలంటే ఏం కావాలి? ఆ ప్రశ్నకు నేను చూసిన జవాబుల్లో ఈ మూడు గేర్ల జవాబంత తేటగా ఉన్నది మరొకటి లేదు.

ముందు సర్వో స్వభావం తెలియాలి. సర్వో అంటే అరచేతిలో ఇమిడే చిన్న నల్లటి డబ్బా. లోపల ఒక బుల్లి మోటారు, దాని వేగాన్ని తగ్గించి బలం పెంచే గేర్ల వరస, ఇరుసు ఎంత తిరిగిందో కనిపెట్టే ఒక భాగం, వీటిని నడిపే సర్క్యూటు ఉంటాయి. సెకనుకు 50 సార్లు దానికో విద్యుత్ సంకేతం అందుతుంది. ఆ సంకేతం నిడివి 1.5 మిల్లీసెకన్లయితే ఇరుసు నడిమధ్యన నిలబడుతుంది. 1 మిల్లీసెకనుకు దగ్గరైతే ఒక కొసకు, 2 మిల్లీసెకన్లకు దగ్గరైతే రెండో కొసకు జరుగుతుంది. వెళ్లమన్న కోణానికి వెళ్లి అక్కడే పట్టుకుని నిలబడటం దాని గుణం. వేలితో పక్కకు నెడితే గుర్రుమంటూ ఎదురు నెడుతుంది. చెప్పిన మాట మీద నిలబడటంలో దాన్ని మించిన పట్టుదల నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు మణికట్టు సంగతి. మన మణికట్టు పైకీ కిందికీ వంగుతుంది. ముంజేతితో కలిసి మెలి కూడా తిరుగుతుంది. నీళ్ల గ్లాసు అందుకోవడానికి ఒకటి కావాలి, ఒంపడానికి ఇంకొకటి కావాలి. రోబోకు ఈ రెండూ ఇవ్వాలంటే మామూలు దారిలో వంపుకు ఒక సర్వో పెట్టి, దాని కొసన మెలికి ఇంకో సర్వో బిగిస్తారు. వంపు సర్వో మెలి సర్వోను మోస్తుంది. మోచేతి సర్వో ఆ రెంటినీ మోస్తుంది. భుజం అన్నింటినీ మోస్తుంది. మా పిల్లలు ఎక్కువగా వాడే ఎంజీ996ఆర్ రకం సర్వో బరువు 55 గ్రాములు. దాని బలం సుమారు 10 కిలో-సెంటీమీటర్లు, అంటే 10 సెంటీమీటర్ల కర్ర కొసన కిలో బరువును ఆపగలదు. అలాంటి ఒక సర్వోను మోచేతి నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టామంటే దాని బరువు ఒక్కటే మోచేతి మీద 1.1 కిలో-సెంటీమీటర్లు పడుతుంది. గ్లాసు ఇంకా ముట్టుకోలేదు, బ్రాకెట్టూ స్క్రూలూ లెక్కలోకి రాలేదు, మోచేతి బలంలో పదో వంతుకు పైగా పక్క సర్వోను మోయడానికే ఖర్చయింది. ఎవరి పని వాళ్లకు పంచినంత మాత్రాన భారం పంచినట్టు కాదని ఇక్కడే తెలుస్తుంది.

పంపకం వద్దనుకున్న పిల్లలు సాధారణంగా ఇంకో దారి పడతారు. ఒక సర్వో బలం చాలకపోతే రెంటిని తెచ్చి ఒకే ఇరుసుకు అటొకటి ఇటొకటి బిగిస్తారు. కాగితం మీద బలం రెట్టింపు అయినట్టే ఉంటుంది. కానీ లోకంలో ఏ రెండు సర్వోలూ అచ్చు ఒక్కలా ఉండవు. రెంటికీ 90 డిగ్రీలే చెప్పినా ఒకటి 89 దగ్గర తన 90 అనుకుంటుంది, రెండోది 91 దగ్గర అనుకుంటుంది. రెంటినీ ఒకే ఇరుసు పట్టుకుని ఉంది కాబట్టి ఎవరూ తమ చోటికి చేరలేరు. చేతిలో బరువు ఏమీ లేకపోయినా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, సన్నగా రొద పెడుతూ, బ్యాటరీని తాగేస్తూ వేడెక్కిపోతాయి. చెయ్యి ఆనిస్తే కాలుతుంది. ఆ బలమంతా పనిలోకి రాకుండా, ఒకదాని మాట మరొకటి చెల్లనివ్వకుండా చూడటానికే సరిపోతుంది. ఇక్కడ చెడు సర్వో ఏదీ లేదు. రెండూ మంచివే, రెండూ తమ మాట మీద నిలబడ్డవే. తేడాకు తావు లేని చోట వాటిని కట్టేయడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

డిఫరెన్షియల్ ఆ తావు ఇస్తుంది. దాని నిర్మాణం చూడండి. రెండు సర్వోలు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒక్కో దానికి గిన్నె ఆకారంలో ఏటవాలుగా పళ్లు కోసిన ఒక బెవెల్ గేరు. ఆ రెండు గేర్లూ ఒకే వరుసలో, ఒకదాని ముఖం ఒకటి చూస్తూ ఉంటాయి, కానీ తాకవు. రెంటి నడుమ, వాటికి లంబంగా, మూడో గేరు ఒకటి. దాని పళ్లు అటు ఒకదానితోనూ ఇటు ఒకదానితోనూ కరుచుకుని ఉంటాయి. ఈ నడిమి గేరును ఏ మోటారూ నేరుగా తిప్పదు. దాన్ని పట్టుకున్న చట్రం బేరింగుల మీద స్వేచ్ఛగా ఊగుతుంది. రోబో వేళ్లు బిగించేది ఈ నడిమి గేరుకే.

పక్క గేర్లు రెండూ ఒకే వైపు, ఒకే వేగంతో తిరిగాయనుకోండి. నడిమి గేరుకు తన చుట్టూ తాను తిరగడానికి కారణం లేదు. రెండు వైపులా పళ్లు దాన్ని సమానంగా తోస్తున్నాయి, అందుకని చట్రంతో సహా అది వాటి వెంటే పోతుంది. మణికట్టు వంగుతుంది. ఇప్పుడు ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ తిరిగాయనుకోండి. చట్రం ఉన్నచోటే ఉంటుంది. నడిమి గేరు ఒక అంచున ముందుకూ మరో అంచున వెనక్కూ తోపు తిని, నిలబడ్డచోటే గిర్రున తిరుగుతుంది. మణికట్టు మెలి తిరుగుతుంది.

కవ్వంతో మజ్జిగ చిలికిన చేతులకు ఈ సూత్రం కొత్తది కాదు. కవ్వం తాడు ఒక కొసను ఒక చేత్తో లాగి, రెండో కొసను ఇంకో చేత్తో వదులుతుంటే కవ్వం తిరుగుతుంది. రెండు కొసల్నీ ఒకేసారి లాగితే కవ్వం తిరగదు, మొత్తంగా మన వైపుకే వస్తుంది. రాకుండా ఆపడానికే దాన్ని గుంజకు కట్టేది. రెండు చేతులూ ఒక్కటైతే ఒక కదలిక, వేరైతే ఇంకో కదలిక. గుంజ ఆ రెంటిలో ఒకదాన్ని ఆపేసి రెండోదాన్నే మిగిల్చింది. రోబో కీలులో గుంజ లేదు. రెండు కదలికలూ మనకు పనికొస్తాయి.

మా ల్యాబులో ఒకమ్మాయి మొదటిసారి ఈ కీలు బిగించాక అడిగిన ప్రశ్న ఈ విషయానికి ప్రాణం లాంటిది. రెండు సర్వోల మీదా పేరు రాసి స్టిక్కర్లు అంటిద్దామని స్కెచ్ పెన్ను పట్టుకుని కూర్చుంది.

“సార్, ఇందులో వంచేది ఏది, తిప్పేది ఏది?”

“ఒకదాన్ని నువ్వు కదలకుండా పట్టుకోమ్మా, రెండోదాన్ని చేత్తో తిప్పి చూడు” అన్నాను.

తిప్పింది. మణికట్టు వంగుతూనే మెలి తిరిగింది, ఏటవాలుగా. ఆగి, రెండోవైపు పట్టుకుని మొదటిదాన్ని తిప్పింది. మళ్లీ వంగింది, మళ్లీ మెలి తిరిగింది, ఈసారి అటువైపు. కాసేపు అలాగే ఇటూ అటూ చేసి, స్టిక్కర్ల మీద ‘ఎ’, ‘బి’ అని మాత్రం రాసి అంటించింది. వాటికి వేరే పేర్లు పెట్టడానికి వీల్లేదని తనకే అర్థమైంది.

లెక్క చాలా సాదాగా ఉంటుంది. మూడు గేర్లకూ పళ్లు సమానమైతే, వంపు అంటే రెండు సర్వోల కోణాలు కూడి సగం చేసినంత. మెలి అంటే ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి సగం చేసినంత. ‘ఎ’ 40 డిగ్రీలు, ‘బి’ 20 డిగ్రీలు తిరిగితే వంపు 30, మెలి 10. మనకు కావలసిన వంపూ మెలీ ముందే తెలిస్తే వెనక్కి లెక్కేయడం ఇంకా తేలిక: రెంటినీ కూడితే ‘ఎ’, తీసేస్తే ‘బి’. ప్రోగ్రాములో ఇది రెండే రెండు వరసలు. సర్వోలు ఎదురెదురుగా కూర్చున్నాయి కాబట్టి ఒకదాని దిశను తిరగేసి చెప్పాలి, అంతే.

ఇందాకటి ఒక డిగ్రీ తగాదా ఇక్కడ ఏమైందో చూడండి. ‘ఎ’ అనుకున్నదానికన్నా ఒక డిగ్రీ ఎక్కువ తిరిగిందనుకుందాం. ఒకే ఇరుసు మీద అది పోట్లాటకు దిగేది. ఇక్కడ అది అర డిగ్రీ వంపుగా, అర డిగ్రీ మెలిగా చీలిపోతుంది. మణికట్టు కంటికి కనపడనంత పక్కకు ఒరుగుతుంది, రెండు సర్వోలూ తమ తమ చోట్లకు చేరి నిశ్శబ్దంగా ఉంటాయి. అవే సర్వోలు, అదే మొండితనం, అదే తేడా. వాటి నడుమ ఇద్దరి పళ్లకూ అందే మూడో గేరు ఒకటి వచ్చింది, దానికి కదలడానికి చోటుంది.

బలం సంగతి ఇంకా బాగుంటుంది. వంచేటప్పుడు రెండు సర్వోలూ వంచుతాయి. మెలి తిప్పేటప్పుడు రెండూ తిప్పుతాయి. ఒక్కోటి 10 కిలో-సెంటీమీటర్లయితే వంపుకు 20 దొరుకుతుంది, మెలికీ 20 దొరుకుతుంది, గేర్ల రాపిడికి పోయేది పోగా. అలాగని వేగం తగ్గదు. విడివిడిగా పెట్టిన కీలులో వంపు సర్వో చెమటోడుస్తుంటే మెలి సర్వో ఊరికే కూర్చునేది. ఇక్కడ ఏ సర్వోకూ ఖాళీ ఉండదు. పైగా రెండూ కీలుకు ఇవతలే, ముంజేతి లోపలే కూర్చున్నాయి కాబట్టి ఒకదాన్ని ఒకటి మోయక్కర్లేదు. కావాలంటే బెల్టులు వేసి ఇంకా వెనక్కి, మోచేతి దాకా జరపొచ్చు.

అయితే ఊరికే ఏదీ రాదు. ఒక్కో సర్వో మధ్య నుంచి అటు 90, ఇటు 90 డిగ్రీలు తిరుగుతుందనుకుందాం. విడి కీలులో వంపు 90 దగ్గర ఉండగానే మెలి కూడా 90కి వెళ్లగలదు. అక్కడ హద్దులు గీస్తే నలుచదరం వస్తుంది. డిఫరెన్షియల్‌లో వంపూ మెలీ కలిపి 90 దాటడానికి లేదు. వంపు 60కి చేరితే మెలికి మిగిలేది 30. వంపు 90కి చేరితే మెలికి ఏమీ మిగలదు. హద్దులు గీస్తే చదరాన్ని మూల మీద నిలబెట్టినట్టు, డైమండ్ గుర్తు వస్తుంది. బలానికీ అదే హద్దు: మొత్తం 20లో వంపు 15 వాడుకుంటే మెలికి 5 మిగులుతుంది. ఎవరి వాటా వాళ్ల దగ్గర లేదు, మొత్తం ఉమ్మడిలో ఉంది. ఒకరు ఎక్కువ తీసుకున్న పూట రెండోవాళ్లు సర్దుకోవాలి. గ్లాసు ఎత్తేటప్పుడు వంపుకే బలం కావాలి, మెలికి అక్కర్లేదు. ఒంపేటప్పుడు బరువు అప్పటికే తగ్గుతుంటుంది. రెంటి అవసరాలూ ఒకేసారి పతాకస్థాయికి చేరవన్న నమ్మకం మీదే ఈ ఉమ్మడి నిలుస్తుంది. ఆ నమ్మకం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ముందే చూసుకోవడం తయారు చేసేవాడి బాధ్యత.

ఈ మూడు గేర్ల పొందిక రోబోల కోసం పుట్టింది కాదు. 1820ల చివర ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్యూర్ అనే గడియారాల నిపుణుడు ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1877లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జేమ్స్ స్టార్లీ మూడు చక్రాల సైకిలుకు దీన్ని అమర్చాడు. అక్కడి నుంచి మోటారు కార్లకు వచ్చింది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పోవాలి. రెండు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లయితే, ఒక లంబకోణపు మలుపులో ఆ తేడా సుమారు 2.2 మీటర్లు. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒక టైరు ఆ తేడాను రోడ్డు మీద ఈడ్చుకుపోయి అరిగిపోవాలి. డిఫరెన్షియల్ ఉంటే ఇంజను రెండు చక్రాల సగటు వేగాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. వాటి మధ్య తేడా ఎంతుండాలో రోడ్డు నిర్ణయిస్తుంది. కారు ఆ తేడాను వదిలేసింది, బతకనిచ్చింది. రోబో మణికట్టు ఇంకో అడుగు ముందుకేసి ఆ తేడా చేత కూడా పని చేయిస్తోంది. అవే గేర్లు, ఒకచోట తేడాను సహించాయి, ఇంకోచోట కొలువులో పెట్టుకున్నాయి. ఈ రెండు మెట్ల మధ్య ఉన్న దూరం చిన్నదేమీ కాదనిపిస్తుంది నాకు.

నిజానికి డిఫరెన్షియల్ లోహంతో చేసిన ఒక లెక్క. 1931లో అమెరికాలోని ఎంఐటీలో వాన్నెవర్ బుష్ పూర్తి చేసిన డిఫరెన్షియల్ ఎనలైజర్ అనే గణన యంత్రంలో కూడికలకు వాడింది ఇలాంటి గేర్లనే. రెండు ఇరుసులు రెండు అంకెలు. మూడోది వాటి మొత్తం. అంతకన్నా చాలా పాతది, 1901లో గ్రీకు ద్వీపమైన ఆంటికిథెరా దగ్గర మునిగిన ఓడలోంచి బయటపడిన కంచు యంత్రం. రెండు వేల ఏళ్లు దాటిన ఆ యంత్రం ముఖం మీద సూర్యుడికో ముల్లు, చంద్రుడికో ముల్లు ఉండేవి. పరిశోధకులు పునర్నిర్మించిన నమూనాల్లో చంద్రుడి ముల్లు మీద సగం తెల్లగా సగం నల్లగా ఉన్న చిన్న గోళీ ఉంటుంది. ఆ రెండు ముళ్ల మధ్య తేడా ఎంతో దాన్ని బట్టి గోళీ తిరిగి అమావాస్య నుంచి పౌర్ణమి దాకా కళలు చూపిస్తుంది. ఇద్దరిలో ఏ ఒక్కరినీ చూసి చంద్రకళ చెప్పలేం. అది ఇద్దరి నడుమ ఉన్న ఎడం.

ఉగాదినాడు పంచాంగం వినే మనకు ఇది ఇంకా బాగా తెలియాల్సిన సంగతి. చంద్రుడి స్థానంలోంచి సూర్యుడి స్థానాన్ని తీసేస్తే వచ్చే ఎడంలో ప్రతి 12 డిగ్రీలూ ఒక తిథి. ఆ రెండు స్థానాలనూ కూడితే వచ్చే మొత్తంలో ప్రతి 13 డిగ్రీల 20 నిమిషాలూ ఒక యోగం. తిథి తేడా, యోగం కూడిక. విదియా తదియా చంద్రుడివి కావు, సూర్యుడివీ కావు. మణికట్టు వంపూ మెలీ కూడా అలాగే ‘ఎ’వి కావు, ‘బి’వి కావు. రెండు కదిలే వస్తువుల నుంచి మనం రాబట్టగల కొత్త సంగతులు వాటి మొత్తంలోనూ వాటి తేడాలోనూ ఉన్నాయని లెక్కగట్టినవాళ్లకు ఎప్పుడో తెలుసు. తేడాను పక్కన పారేసిన లెక్కలో సగమే ఉంటుంది.

ఇదే సూత్రం ఇప్పుడు భూమి దాటి వెళ్లింది. అంగారకుడి మీద తిరిగే నాసా రోవర్లకు ఆరు చక్రాలుంటాయి, ఒక్కో పక్కన మూడు. ఎడమ పక్క చక్రాల చట్రాన్నీ కుడి పక్క చట్రాన్నీ నడుమ ఒక డిఫరెన్షియల్ కలుపుతుంది. ఒక పక్క బండరాయి ఎక్కి పైకి లేస్తే రోవర్ ఒళ్లంతా అంతే ఒరగదు; రెండు పక్కల ఏటవాలుకూ సగటు ఎంతో అంతే వంగుతుంది. 1997లో దిగిన సోజర్నర్ నుంచి 2021లో దిగిన పర్సెవరెన్స్ దాకా ఇదే పొందిక. 2012లో దిగిన క్యూరియాసిటీ ఫొటోల్లో పైకప్పు మీద అడ్డంగా, మధ్యలో కీలుతో ఒక కమ్మీ కనిపిస్తుంది. అక్కడ డిఫరెన్షియల్ పని చేసేది అదే. గేర్ల బదులు కమ్మీ ఉన్నా లెక్క మారలేదు. 2023లో శ్రీహరికోట నుంచి బయలుదేరి ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ కూడా ఈ కుటుంబానికి చెందినదే: 26 కిలోల బరువు, ఆరు చక్రాలు, రాకర్-బోగీ అనే అదే చక్రాల అమరిక. ఎడమ పక్కకు గొయ్యి, కుడి పక్కకు రాయి ఎదురైనా ఆరు చక్రాలూ నేలను వదలకూడదు. రెండు పక్కల్ని బిగించేసి ఉంటే ఏదో ఒక చక్రం గాల్లో తేలేది.

చేతుల్లో అయితే అమెరికాలో తయారయ్యే బారెట్ సంస్థ వారి ‘వామ్’ రోబో చెయ్యి దీనికి పేరున్న ఉదాహరణ. దాని భుజంలోనూ మణికట్టులోనూ డిఫరెన్షియల్ ఉంటుంది, కానీ పళ్ల గేర్లతో కాదు, సన్నటి ఉక్కు తీగలతో. పళ్లున్నచోట ఎంతో కొంత ఆట ఉంటుంది. పన్నుకూ పన్నుకూ మధ్య వెంట్రుక మందం ఖాళీ ఉన్నా వేలి కొసకు వచ్చేసరికి అది మిల్లీమీటర్లవుతుంది. పైగా ఈ కీలులో ఒకచోట ఆట ఉంటే అది వంపులోనూ కనిపిస్తుంది, మెలిలోనూ కనిపిస్తుంది. బిగుతుగా లాగి కట్టిన తీగలో ఆ ఆట ఉండదు.

మా దగ్గర ఉక్కు తీగలు లాగే సరంజామా లేదు. త్రీడీ ప్రింటరులో గేర్లు అచ్చుపోసుకుంటాం. గేర్లను కలిపేటప్పుడు పళ్ల మధ్య ఒక కాగితం ముక్క పెట్టి, దాని మీదకు రెండో గేరును ఆనించి స్క్రూ బిగిస్తాం. ఆ తర్వాత గేరు తిప్పుతూ కాగితాన్ని బయటికి లాగేయాలి. కాగితం మీద పళ్ల మడతలు పడాలి కానీ చిరగకూడదు. చిరిగితే మరీ బిగుతు, గేర్లు పట్టేసి సర్వోలు మూలుగుతాయి. మడత పడకపోతే మరీ వదులు, మణికట్టు తాగినవాడిలా ఊగుతుంది. పిల్లలు ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసుకుంటారు, మడతలు రెండు వైపులా ఒకేలా పడ్డాయా లేదా అని. నడిమి గేరు ఒకవైపు దగ్గరగా, ఒకవైపు దూరంగా ఉంటే ఒక సర్వో మాట గట్టిగా, ఇంకోదాని మాట ఆలస్యంగా చేరుతుంది. ఇద్దరికీ సమదూరంలో నిలబెట్టడం చెప్పినంత తేలిక కాదు. ఈ కీలు చేయడంలో ఎక్కువ సమయం పట్టేది ఇదే.

దీని బలహీనత కూడా చెప్పాలి. ఒక సర్వో చచ్చిపోతే ఏమవుతుంది? విడి కీలులో అయితే దాని కదలిక ఒక్కటే పోతుంది, రెండోది మామూలుగా ఉంటుంది. ఇక్కడ రెండు కదలికలూ దెబ్బతింటాయి. ‘ఎ’ ఆగిపోయి ‘బి’ తన చోట గట్టిగా నిలబడి ఉందనుకోండి. బరువుకు మణికట్టు కిందికి జారుతుంది, ఎన్ని డిగ్రీలు జారితే అన్ని డిగ్రీలు మెలి కూడా తిరుగుతుంది. గ్లాసు పడిపోవడమే కాదు, తిరిగి మరీ పడుతుంది. ‘బి’కి ప్రాణం ఉన్నా, బలం ఉన్నా, ఒంటరిగా అది ఏ కదలికనూ పూర్తిగా కాపాడలేదు.

దమ్ము చేసే పొలంలో ట్రాక్టరు నడిపిన రైతులకు ఇది తెలిసిన బాధే. ఒక వెనక చక్రం బురదలో పట్టు తప్పితే అదొక్కటే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికి తోపు అందదు. డిఫరెన్షియల్ రెండు వైపులా సమానమైన బలమే ఇస్తుంది. ఒకవైపు ఏమీ ఆనకపోతే రెండోవైపూ ఏమీ ఉండదు. అందుకే ట్రాక్టరుకు కాలి దగ్గర డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటుంది. తొక్కితే రెండు చక్రాలూ ఒకే ఇరుసులా బిగుసుకుని బురదలోంచి బయటపడతాయి. పడగానే వదిలేయాలి. వదలకుండా మలుపు తిప్పబోతే బండి సరిగా తిరగదు. ఆపదలో తేడాను కాసేపు ఆపడం, గట్టెక్కాక మళ్లీ వదలడం. రెండూ తెలిసినవాడే మంచి డ్రైవరు.

మనుషుల సంగతి ఎత్తకుండా ఇంతదాకా వచ్చాను కానీ ఇక ఎత్తక తప్పదు. కలిసి పని చేసే ఇద్దరి గురించి మనకు రెండే సలహాలు వినిపిస్తుంటాయి. ఒకటి, ఎవరి పని వాళ్లు చూసుకోండి అని. రెండోది, ఇద్దరూ ఒకే మాట మీద ఉండండి అని. మొదటిది విడి కీలు. రెండోది ఒకే ఇరుసుకు బిగించిన రెండు సర్వోలు. భార్యాభర్తల్లో ఒకరు పిల్లల్ని గదమాయించేవాళ్లు, ఇంకొకరు దగ్గరికి తీసుకునేవాళ్లు అయినప్పుడు, ఒక ఆఫీసులో ఒకరు తొందరపెట్టేవాళ్లు, ఇంకొకరు సరిచూసేవాళ్లు అయినప్పుడు, ఒకే మాట మీద ఉండమని బిగిస్తే జరిగేది ఎదురునెట్టుడే. బయటికి ఏ గొడవా కనిపించకపోవచ్చు. సన్నటి రొదా, వేడీ మాత్రం ఉంటాయి. ఎవరి పని వాళ్లకు పంచేస్తే రొద ఉండదు, కానీ పిల్లవాడు ఒకరి దగ్గర భయం మాత్రమే, ఇంకొకరి దగ్గర గారం మాత్రమే చూస్తాడు.

డిఫరెన్షియల్ మూడో దారి చూపిస్తుంది. అది అడిగేది రెండే. ఒకటి, నడుమ ఇద్దరి పళ్లకూ సమంగా అందే ఒక గేరు ఉండాలి. అది ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకూడదు, అసలు పని దానికే బిగించి ఉండాలి. ఇంట్లో అది పిల్లవాడి మేలు. ఆఫీసులో చేతికందాల్సిన సరుకు. రెండు, ఆ గేరుకు కదలడానికి చోటు ఉండాలి. ఇద్దరూ ఒకటైనప్పుడు ఎటు కదలాలో, వేరైనప్పుడు ఎటు తిరగాలో ముందే అనుకుని ఉండాలి. అలా ఉన్నచోట నా పట్టుదల నేను వదులుకోవాల్సిన పని లేదు, మీ పట్టుదల మీరు వదులుకోనక్కర్లేదు. మన మధ్య తేడా మన బలంలోంచి తీసేయాల్సిన మొత్తం కాదు, అది మన రెండో కదలిక.

ఒక్క విషయంలో మాత్రం మనిషికి సర్వో కన్నా ఎక్కువ కష్టం. సర్వోలకు కూడికా తీసివేతా చేసి పెట్టే ప్రోగ్రాము వేరే ఉంది. ఎంత తిరగాలో, ఎటు తిరగాలో వాటికి బయటి నుంచి అందుతుంది. మనుషుల్లో ఆ లెక్క ఆ ఇద్దరే వేసుకోవాలి, అదీ మధ్యలో గేరు తిరుగుతుండగానే. ఇవాళ వంపుకు ఎక్కువ కావాలి, మెలిని రేపు చూద్దాం అని ఒకరితో ఒకరు చెప్పుకోవాలి. ఉమ్మడి బలానికి ఉమ్మడి హద్దు ఉంటుందని ఒప్పుకోవాలి. ఒకరు కూలిపోతే రెండోవాళ్లు కూడా ఒరుగుతారని తెలిసే ఇందులోకి దిగాలి. మాటలు లేని ఇద్దరికి ఈ కీలు పనికిరాదు. వాళ్లకు పంపకమే క్షేమం.

అందుకే పిల్లలకు ముందు విడి కీలు నేర్పుతాను, ఆ తర్వాతే ఇది. రెండోది గొప్పదని మొదటిదాన్ని తీసిపారేయనివ్వను. బరువు తక్కువగా ఉండి, చోటు ధారాళంగా ఉండి, ఒకటి పాడైనా రెండోది బతకాల్సిన చోట ఎవరి ఇరుసు వాళ్లకు ఉంచండి. బరువు పెద్దదై, చోటు ఇరుకై, ఇద్దరి సత్తువా ప్రతి కదలికలోనూ కావాల్సిన చోట మాత్రం పంచకండి, ఒకే మాట మీదకు తేవాలనీ చూడకండి. నడిమి గేరును వెతికి సమదూరంలో నిలబెట్టండి, దాని చుట్టూ తిరగడానికి చోటు ఉంచండి, పళ్లు కరుచుకునేలా ఓపిగ్గా సరిచేయండి. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఎటు తిరిగినా, పని ముందుకే సాగుతుంది.